కాంటా గదిలో కంప్యూటరుకు జ్వరం

పెద్దపల్లి మొత్తంలో లినక్స్ తెలిసిన మనిషిని నేనొక్కడినే. మిగతావాళ్లకు కంప్యూటరంటే ఆన్ చేయడం, ఆగిపోతే ఒక దెబ్బ వేయడం. మా బామ్మర్ది ఆ రెండో విద్యలో ఆరితేరినవాడు. వాడి రైస్‌మిల్లులో ట్రాక్టర్లు తూచే కాంటా గది కంప్యూటరులో లినక్స్ ఎక్కించి, ఇన్నేళ్లుగా దాన్ని బతికిస్తున్నది నేనే. ఈసారి వడ్ల సీజన్ వచ్చి పొద్దంతా నడిచేసరికి అది మాటిమాటికీ ఆరిపోసాగింది. ట్రాక్టర్ల వరుస రోడ్డెక్కింది.

బామ్మర్ది డబ్బా మీద అరచేయి పెట్టి చూశాడు, పసిపిల్లకు చూసినట్టు.

"కాలుతాంది బావా. కంప్యూటర్ దుకాణపాయన మదర్‌బోర్డు పోయిందన్నడు. తుక్కుల ఏసి కొత్తది తెస్త."

ఆ దుకాణపాయనకు మౌస్ వైరు ఊడినా మదర్‌బోర్డు పోయినట్టే.

"చెయ్యి పెట్టి జ్వరం చూసుడు బంద్ చెయ్యి. లోపల సెన్సర్లున్నయి, అవే చెప్తయి. జర సాయంత్రం దాక ఆగు."

"సాయంత్రం దాకనే. మల్ల బందయితే తుక్కే."

సెన్సర్లను మాట్లాడించే ప్రోగ్రాము నేనే రాశానని హమాలీలందరికీ చెప్పాను. రాయలేదు. ఎవరో రాసి ఉచితంగా పెట్టిందాన్ని ఎక్కించాను. అది లోపల ఏ చిప్పు ఉందో వెతుకుతూ అడుగడుగునా అనుమతి అడుగుతుంది. నన్నా ఇన్ని ప్రశ్నలు? చదవకుండా ఎంటర్ కొట్టుకుంటూ పోయాను. దొరికిన చిప్పును చదివే డ్రైవర్‌ను ఆన్ చేసిన ప్రతిసారీ లోడ్ చేయాలా అన్నది చివరి ప్రశ్న. అక్కడ ఊరికే ఎంటర్ కొడితే వద్దని అర్థమట. ఆపి మళ్లీ ఆన్ చేస్తే, సెన్సర్లే లేవంది.

"ఏమంటున్నయి బావా నీ సెన్సర్లు?"

"పాత లినక్స్ గదా, జర సోంచాయిస్తాంది."

రెండోసారి కళ్లద్దాలు పెట్టుకుని, ప్రశ్నలన్నీ చదివి, చివర ఎస్ అని టైపు చేశాను. అంకెలొచ్చాయి. ప్రాసెసర్ వేడి ఎనభై తొమ్మిది డిగ్రీలు. దాన్ని చల్లబరిచే పంకా వేగం సున్నా.

"సెన్సర్ అబద్ధమాడుతాంది," అని తేల్చేశాను.

బామ్మర్ది నా మాట వినకుండా స్క్రూలు విప్పి మూత తీశాడు. పంకా రెక్కల చుట్టూ దారం బిగుసుకుని ఉంది. దారానికి ఎండిన బంతిపూలు.

"దండ లోపలికెట్ల పోయింది బావా?"

"ఎలుకలు..."

"ఎలుకలు దండ గుచ్చుతయా?"

దసరాకు మిల్లులో ప్రతి యంత్రానికీ పూజ చేసి దండ వేస్తారు. తెలివితక్కువవాళ్లు డబ్బాకు వేస్తారు. నేను మూత తీసి అసలు యంత్రానికే వేశాను. ఆపై మూత బిగించి ప్రసాదానికి పోయాను.

"నేనే ఏసిన," అన్నాను.

బామ్మర్ది బ్లేడుతో దారం కోశాడు. పంకా తిరిగింది. తెర మీద దాని వేగం సున్నా నుంచి వందలు దాటింది. సాయంత్రం దాకా తూకం ఒక్కసారీ ఆగలేదు.

"మరి తుక్కుల ఎవలనెయ్యాలె బావా?" అన్నాడు.

కంప్యూటరును ఉంచాడు. దసరా నాడు మాత్రం కాంటా గది తాళంచెవి ఇక నా చేతికివ్వనన్నాడు.