సెవి శేషప్ప

ఎమ్మిగనూరు చుట్టుపక్కల పాత బ్రిడ్జీలు బాగుచేసే పనివాళ్లలో శేషప్పకు ఒక పేరుండేది. సెవి శేషప్ప. బ్రిడ్జి కింద నిచ్చెన వేసుకుని, చిన్న సుత్తితో పైకప్పును జానెడు జానెడు కొట్టి వినడం అతని పని. లోపల గట్టిగా ఉంటే సిమెంటు ఖంగుమంటుంది. కమ్మీలు తుప్పుపట్టి పొర విడిపోయి ఉంటే బొద్దుమంటుంది. ఖంగుమన్న చోట సుద్దముక్కతో టిక్కు పెడతారు, బొద్దుమన్న చోట సున్న చుడతారు. సున్న చుట్టిన చోటుకు నూకలు చెల్లినట్టే, పగలగొట్టి మళ్లీ పోస్తారు. టిక్కు పెట్టిన చోటు జోలికి ఎవరూ పోరు. సంతలో కుండ కొనే ముసలమ్మ చేసే పనే ఇదీనూ. కాకపోతే కుండ మోసం చేస్తే పోయేది నీళ్లే.

ఇంత పేరున్న ఆ చెవులు పద్నాలుగేళ్ల కిందటే పాడయ్యాయి. అంతకుముందు అతను పొద్దస్తమానం సిమెంటు పగలగొట్టే మిషన్ పట్టుకునేవాడు. ఆదోని మార్కెట్లో పత్తి కొండలు కొండలుగా పడి ఉంటుంది. అందులోంచి చిటికెడు తెచ్చి చెవుల్లో పెట్టుకొమ్మని చెప్పిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. గట్టిగా మాట్లాడితే మనుషుల మాట వినిపించేది. ఖంగుకూ బొద్దుకూ తేడా మాత్రం పోయింది. చెబితే సుత్తి లాక్కుంటారు. అందుకని నోరు మూసుకున్నాడు.

ఆ గుట్టు పట్టుకున్నది అతని భార్య నాగమ్మ. ఆ పనిలోనే నీళ్లు మోసేది. ఒకరోజు బొద్దుమన్న చోట మొగుడు టిక్కు పెట్టడం చూసింది. బిందె దించి, నిచ్చెన పట్టుకోవడానికి వచ్చినట్టు వచ్చి, వేలితో అతని మడమ మీద ఒక్క తట్టు తట్టింది. శేషప్ప కిందికి చూశాడు. ఆమె ముఖం చూశాడు. టిక్కు చెరిపి సున్న చుట్టాడు. ఆ సంగతి ఇద్దరూ ఇంట్లో కూడా మాట్లాడుకోలేదు.

అప్పటినుంచీ నిచ్చెన పట్టేది నాగమ్మే. డొల్ల అయితే ఒక తట్టు. బాగుంటే తట్టదు. “ఆలిచాటు మొగుడు, నిచ్చెన గూడా ఒంటిగా ఎక్కలేడు” అని తోటివాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. సిమెంటు దుమ్ము రాలి ఆమె కళ్లెప్పుడూ ఎర్రగా ఉండేవి.

“పైకి యాల సూస్తావే? ఇనేది సెవులతో గదా” అని శేషప్ప కసురుకునేవాడు.

“సూడకుంటే నాకు సరిగ్గా ఇనపడదప్పా” అనేది.

ఈ ఎండాకాలం నాగమ్మకు జ్వరం పట్టుకుంది. ఆదోని ఆసుపత్రిలో పడుకోబెట్టారు. అదే వారం కౌతాళం దారిలో కాలువ మీది చిన్న బ్రిడ్జి చూడమని శేషప్పకు కబురొచ్చింది. “నేను లేసి వచ్చేదాంక నిచ్చెన ఎక్కొద్దు” అంది నాగమ్మ. సరేనన్నాడు. ఎక్కాడు. సాయంత్రం ఆసుపత్రికి పోయి, “ఈ పొద్దు పనికి పోలేదులే” అని అబద్ధమాడాడు. ఆమె ఆ మాట నమ్మింది. నమ్మే, నాలుగో రోజున పోయింది.

దినాలు అయ్యాక ఎమ్మిగనూరు దగ్గర వంక మీది బ్రిడ్జికి పనికి వచ్చాడు. నాగమ్మ చోట మద్దమ్మ నిచ్చెన పట్టుకుంది. పక్కింటి మనిషి, చాలా ఏళ్లుగా ఇసుక మోస్తోంది. ఇంజనీరు నందిని మేడం ఎదురుగా నిలబడింది.

శేషప్ప సుత్తితో కొట్టాడు. మడమ మీద తట్టు కోసం ఆగాడు. ఏమీ లేదు. చెయ్యి దానంతటదే టిక్కు పెట్టింది. మళ్లీ కొట్టాడు. ఏమీ లేదు. టిక్కు. ఏడో టిక్కు దగ్గర సుత్తి ఆపేశాడు. కాలువ బ్రిడ్జి కింద కూడా చెయ్యి ఇలాగే పోయింది. పద్నాలుగేళ్ల అలవాటు. తట్టు లేకపోతే బాగున్నట్టే. తట్టే మనిషే లేకపోతే లోకంలోని డొల్లంతా గట్టిదే అవుతుంది.

కిందికి దిగి సుత్తి నేలమీద పెట్టాడు. “నాకు సెవుడు మేడం. ఇనేది నా పెండ్లాము. డొల్లుంటే మడమ మీద తట్టేది.”

నందిని గొంతు పెంచి అడిగింది. “మరి పోయిన నెల కాలువ బ్రిడ్జి? దానికి అన్నీ టిక్కులేగదా. అప్పుడు కూడా ఆమే విన్నదా?”

అవునంటే సరిపోయేది. తప్పు విన్నది నాగమ్మ అయ్యేది. చచ్చిపోయిన మనిషి లేచి వచ్చి కాదనదు. ఆమె ఆసుపత్రిలో ఏ రోజు చేరిందో నందినికి తెలియదు. తెలిసిన మద్దమ్మ తలొంచుకుంది, ఆమె చెప్పేది కాదు. శేషప్ప గుండె ఒక్క క్షణం ఆ అబద్ధం వైపు మొగ్గింది. నేను దాచను, మొగ్గింది. పద్నాలుగేళ్లు ఆమె చెవితో బతికి, ఇప్పుడు తప్పు ఆమె నెత్తినే వేయబోయాడు.

“లేదు మేడం. ఆ పొద్దు నేనొక్కన్నే. ఏమీ ఇనలేదు.”

మధ్యాహ్నానికల్లా కాలువ బ్రిడ్జికి రెండు పక్కలా రాళ్లు, కంపలు అడ్డం పెట్టి బస్సులు ఆపేశారు. మంత్రాలయం పోయే జనం దిగి తిట్టుకుంటూ నడిచారు. బ్రిడ్జి కింద నీడలో గొర్రెలవాళ్లు కూర్చునే చోట బీడీ ముక్కలు, మోదుగాకులు పడి ఉన్నాయి. శేషప్ప ఒకసారి వాటిని, ఒకసారి పైన తను పెట్టిన టిక్కుల్ని చూశాడు.

సుత్తి మద్దమ్మ చేతికిచ్చారు. శేషప్ప నిచ్చెన పట్టుకున్నాడు. ఆమె కొట్టి, ఆగి, తల వంచి విని, అరచేత్తో టిక్కు తుడిచి సున్న చుట్టింది. కొంచెం జరిగి మళ్లీ కొట్టింది. దుమ్ము నేరుగా శేషప్ప కళ్లలో రాలింది. పద్నాలుగేళ్లు ఈ దుమ్ము ఎవరి కళ్లలో పడిందో అప్పుడు తెలిసింది. ముఖం తిప్పుకోలేదు.

ఇక ఈ చేతికి సుత్తి ఎవరూ ఇవ్వరని అతనికి తెలుసు. దానికి పెద్దగా బాధ కలగలేదు. ఆసుపత్రి మంచం దగ్గర ఆడిన అబద్ధమే మెదులుతోంది.

మద్దమ్మ దిగి ఏదో చెప్పింది. వినపడలేదు. ఆమె రెండు చేతులూ చాచి చూపించి, మళ్లీ ఒక వేలు ఎత్తింది. పదకొండు సున్నలు.

శేషప్ప నిచ్చెన వదల్లేదు.

“పదకొండు సార్లు తట్టిండేది నాగమ్మ” అన్నాడు.