ఆమె గీత మీద నా రంగు

టీచరమ్మ పోయారని ఆమె తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను ఆబిడ్స్‌లో, పనిచేసే దుకాణంలోనే ఉన్నాను. నిజం చెప్పాలంటే ముందు కలిగింది దుఃఖం కాదు, ఇక ఆమె కంటపడి తలదించుకునే పని లేదన్న ఊరట. ఆ ఊరటకు సిగ్గుపడుతూనే ఇది రాస్తున్నాను.

నాంపల్లిలో మేము కిరాయికున్న ఇంటి పైవాటాలో ఆమె ఉండేవారు. బడిలో డ్రాయింగ్ చెప్పి రిటైరయ్యారు. తెల్లటి గుడ్డ లాంప్‌షేడ్‌ల మీద మల్లెతీగలు, గడ్డిపరకలు, పిట్టలు వేసి ఆబిడ్స్‌లోని దీపాల దుకాణానికి ఇచ్చేవారు. ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్న నన్ను పైకి పిలిచి కుంచె చేతికిచ్చింది ఆమే. ఆ దుకాణంలో పని ఇప్పించిందీ ఆమే.

నాలుగు గీతలు గీయగానే కిటికీ మూసి, షేడ్ లోపల బల్బు వెలిగించి చూసుకోవడం ఆమె అలవాటు. "ఆర్పి ఉన్నప్పుడు ఎవరు వేసినా బాగానే ఉంటుందమ్మాయ్, వెలిగించి చూడు" అనేవారు. కుంచెలు కడిగే గ్లాసూ టీ గ్లాసూ పక్కపక్కనే ఉండేవి. ఒకసారి ఆకుపచ్చ నీళ్లు ఒక గుక్క తాగేసి, "చక్కెర తక్కువైంది" అని మళ్లీ గీతలో పడిపోయారు.

తరువాత ఆమె చేయి వణకడం మొదలైంది. తీగలు అక్కడక్కడ చెదిరేవి. ఖైరతాబాద్‌లో ఒక డాక్టరు గారి క్లినిక్ కోసం ఎనిమిది షేడ్‌లు వేసి నాతో పంపారు. దుకాణం సేటు వాటిని తిప్పి తిప్పి చూశాడు.

"గీతలు గిట్ల వంకర పోతే ఎవరు కొంటరమ్మా? టీచర్‌కు నువ్వే చెప్పు. లేకుంటే వేరేటోళ్లకు ఇస్త."

చెప్పడానికి నాకు నోరు రాలేదు. మధ్యాహ్నం సేటు భోజనానికి వెళ్లినప్పుడు, వెనక గదిలో కూర్చుని, ఆమె తీగలన్నిటి మీదా నా కుంచెతో దిద్దేశాను. రెండు మధ్యాహ్నాలు పట్టింది. సేటు మెచ్చుకున్నాడు. ఆమెకు మేలు చేశాననే అనుకున్నాను.

ప్యాక్ చేసేముందు ఒకసారి చూసుకుందామని ఆమె దుకాణానికి వచ్చారు.

"ఒకటి వెలిగించమ్మాయ్."

"కరెంటు లేదు టీచరమ్మా" అన్నాను.

నెత్తిమీద ఫ్యాన్ తిరుగుతోంది. ఆమె దానివైపు చూశారు. ప్లగ్ తానే పెట్టి, స్విచ్ నొక్కారు.

వెలుగు వచ్చేసరికి అంతా బయటపడింది. నేను పూసిన రంగు మసిలాగా నల్లగా నిలబడింది. దాని అంచుల వెంట ఆమె గీత, పలుచగా, వణుకుతూ కనబడుతోంది.

"ఎవరు దిద్దారు?"

"నేనే టీచరమ్మా. జర సాపు చేసిన."

"నన్నడగాల్సింది."

"మీకు బాధైతదని అడగలే."

ఆమె షేడ్ మీద వేలితో మెల్లగా రాసి చూశారు. "అడిగితే ఒక పూట బాధపడేదాన్ని, అంతే కదమ్మా." షేడ్‌ను కొంచెం తిప్పి, "రంగులో నీళ్లు ఇంకొంచెం కలుపు. ఇంత చిక్కగా పెడితే వెలుగు రాదు" అన్నారు. ఆ నిమిషంలో కూడా పాఠమే చెప్పారు.

తనకు చూపు ఆనడం లేదని సేటుకు చెప్పి, ఆ తరువాత షేడ్‌లు తీసుకోవడం మానేశారు. చేతుల మాట ఎత్తలేదు. ఆమె చేసే పని నాకే వచ్చింది, నేను వద్దనలేదు. మెట్లెక్కి వెళ్లి తప్పు ఒప్పుకోవాలని ఎన్నిసార్లో అనుకున్నాను. ఈలోగా మేము ఇల్లు మారాం.

చివరిసారి ఆమెను చూసింది మొజంజాహీ మార్కెట్‌లో. తమ్ముడితో పాటు ఐస్‌క్రీం దుకాణం ముందు కూర్చుని, కప్పును ఒక చేత్తో ఒడిలో అదిమిపట్టి చెంచాతో తింటున్నారు. నన్ను చూడగానే కప్పు బల్ల మీద పెట్టి, రెండు చేతులూ కొంగు కిందికి లాక్కున్నారు.

"బాగున్నావా అమ్మాయ్?"

"బాగున్న టీచరమ్మా."

అమ్మ ఆరోగ్యం అడిగారు. కొత్త ఇంట్లో నీళ్లు సరిగా వస్తున్నాయా అని అడిగారు. నాకు చెప్పాల్సిన మాట ఒక్కటే ఉంది. అది తప్ప అన్నీ చెప్పాను. నేను అక్కడ నిలబడినంతసేపూ ఆమె చేతులు బయటికి తీయలేదు. బల్ల మీద కప్పులో ఐస్‌క్రీం కరిగిపోయి, చెంచా మెల్లగా ఒక పక్కకు ఒరిగింది.