తాంబూలంలో పంచిన దుంపలు

పక్కింటి ఆంటీ పోయారని మే నెలలో ఒక శనివారం వాట్సాప్ గ్రూపులో చూశాను. పొద్దున టీ తాగుతూ కుర్చీలోనే ఒరిగిపోయారట. మౌంట్ ఆల్బర్ట్‌లో మా రెండిళ్లకీ మధ్య ఉన్నది ఒక చెక్క ఫెన్సే. అయినా ఆ కబురు నాకు ఫోన్‌లోనే తెలిసింది.

ఆవిడ తెనాలి వైపు హైస్కూల్లో సైన్సు టీచరుగా రిటైరై, కూతురి దగ్గరికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. దేన్ని చూడాలన్నా కళ్లజోడు నుదుటి మీదకి తోసి, ముక్కు ఆనేంత దగ్గరగా చూసేవారు. వీధి మలుపులోని డెయిరీకి పాల కోసం బయల్దేరితే ప్రతి కంచె దగ్గరా ఆగి, గంటకి తిరిగొచ్చేవారు.

వచ్చిన కొత్తలోనే వాగు ఒడ్డున ఒక మొక్క ఆవిడ కంటబడింది. పసుపు మొక్కలాంటి ఆకులు, పసుపుపచ్చటి పూలగుత్తి, వీధి చివరిదాకా వాసన. "అడక్కుండా తెచ్చిన మొక్కే బాగా బతుకుతుందమ్మా" అంటూ ఒక దుంప తవ్వుకొచ్చారు. రెండేళ్లకి పెరడంతా పరుచుకుంది. శ్రావణంలో కూతురి వరలక్ష్మీ వ్రతానికి వచ్చిన పదకొండు మందికీ తాంబూలంలో తలా ఒక దుంప పెట్టించారు. పసుపుకి చుట్టమే కదా, శుభం అన్నారు. మేమూ కళ్లకద్దుకుని తీసుకున్నాం.

ఆ తర్వాతి వేసవిలో, వాగు దగ్గర కలుపు తీసే ఇక్కడే పుట్టిపెరిగిన ఒక కివీ ఆవిడ ఫెన్సు మీదుగా చూసి అసలు సంగతి చెప్పింది. అది వైల్డ్ జింజర్, అడవి అల్లం. ఎప్పుడో ఈ దేశం వాళ్లు తోటల అందం కోసం హిమాలయాల వైపు నుంచి తెచ్చుకున్నారు. అది అడవిలోకి జారి, దుంపలు చాపలా అల్లుకుని, ఇక్కడి చెట్ల మొలకల్ని పైకి రానివ్వడం లేదట.

ఇంకొకరైతే నొచ్చుకునేవారు. ఆంటీ ఒక దుంప ముక్క కోసి వంటింటి కిటికీలో సాసరులో పెట్టారు. నీళ్లు లేవు, మట్టి లేదు. "ఎన్నాళ్లకి చస్తుందో చూద్దాం" అన్నారు. రోజూ నన్ను పిలిచి చూపించేవారు. అది చావలేదు సరికదా, కొన్ని వారాలకి మొలక వేసింది. ఆ రోజు ఆవిడ ముఖంలో ముందు సంతోషం కనబడింది, వెనకే భయం.

"చిటికెడు ముక్క చాలన్నమాట. నేను పదకొండిళ్లలో పెట్టాను కదమ్మా."

మర్నాటి నుంచి పార పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. ఇచ్చిన తాంబూలం తిరిగి అడగడం మన ఇళ్లలో ఎక్కడైనా ఉందా? కొందరు ముఖం ముడుచుకున్నారు. "దోషం నాది. నువ్వు చోటు చూపించు, చాలు" అనేవారు. ఆ పదకొండు మందిలో హామిల్టన్ ఊరికి మారిపోయిన ఒకావిడ దగ్గరికి నేనే డ్రైవ్ చేసి తీసుకెళ్లాను. ఆవిడ అప్పటికే ఇంకో ముగ్గురికి పంచేసింది. కారెక్కాక ఆంటీ ఆ ముగ్గురి అడ్రసులూ కాగితం మీద రాసుకున్నారు.

"గింజల్ని పిట్టలు మోస్తాయని వాటిని అంటాం గానీ, ముందు మోసింది మనమే" అన్నారు.

వెనక సీట్లోంచి మా అమ్మాయి ఆంటీని అడిగింది. "అమ్మమ్మా, వుయ్ ఆల్సో కేమ్ ఫ్రమ్ ఇండియా కదా?"

"వచ్చాం తల్లీ. మనకి చెబితే వింటాం. దుంపకి ఎవరు చెబుతారు?"

ఆ ముగ్గురి ఇళ్లకీ కూడా వెళ్లొచ్చారు. ఒక్క ముక్క కూడా మిగల్లేదని తేలిన రోజు ఆవిడ చాలా తేలికపడ్డారు, నాకు పాయసం పంపారు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. మీ ఇంట్లో తవ్వేశావా అని ఆంటీ అడిగినప్పుడు "తవ్వేశానండీ" అన్నాను. షెడ్డు వెనక ఒక గుబురు ఉంచుకున్నాను. ఆ వాసన వదులుకోలేకపోయాను. అందరి ఇళ్లలోనూ స్వయంగా తవ్విన మనిషి, నా మాట నమ్మి మా పెరట్లోకి రాలేదు. నాకు సిగ్గుగా ఉంది.

దహనం అయిన మర్నాడు పార తీసుకుని షెడ్డు వెనక్కి వెళ్లాను. పూలు ఎప్పుడో రాలిపోయాయి. కాయలు పగిలి, లోపలి నారింజ రంగు బయటపడి ఉంది, దాని మీద పిట్టలు పొడిచిన గంట్లు. ఒక్కొక్కటే విప్పి చూశాను. ఒక్కదాంట్లోనూ గింజ లేదు.