దారంతో కోసిన సబ్బు

మా మరిది రాజమండ్రి కచేరీలో గుమాస్తాగా చేరిన ఏడాదే మా ఇంటికి సబ్బు వచ్చింది. పాలకొల్లు దగ్గర మా ఊళ్ళో పడవ దిగి, పెళ్ళానికని మెరిసే కాగితంలో చుట్టి తెచ్చాడు. గులాబీరంగు బిళ్ళ. అప్పటిదాకా ఇంటిల్లిపాదీ నా సున్నిపిండితోనే ఒళ్ళు రుద్దుకునేవారు. అందులో ఏమేం ఉన్నాయో గుక్క తిప్పుకోకుండా చెప్పగలను: పెసలు, కచ్చూరాలు, బావంచాలు, ఎండబెట్టిన నిమ్మతొక్కలు, గుప్పెడు మరువం. నేనే ఏరి, నేనే ఎండబెట్టి, నేనే తిరగట్లో విసిరేదాన్ని. వీధిలో బాలింతలకి కూడా మా ఇంటినుంచే వెళ్ళేది.

సబ్బు వచ్చాక నా సున్నిపిండి డబ్బా మూత తీసే దిక్కు లేకపోయింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు మా నూతి దగ్గర చేరి, మా చిన్న తోడికోడలి చేతులు పట్టుకుని వాసన చూసేవారు. పెద్దకోడల్ని నేనొకత్తెను అక్కడే నీళ్ళు తోడుతున్నానన్న ధ్యాస ఒక్కరికీ లేదు. చివరికి మా అత్తగారు కూడా, ఆ పిల్ల పక్కనుంచి వెళ్తే పూలబుట్ట వెళ్ళినట్టుందన్నారు. నా వంట తిని పదేళ్ళలో ఒక్క మంచి మాట అనని మనిషి!

ఈ వయసులో దాచుకుని ఏం చేస్తాను, కుళ్ళి చచ్చాను. మా ఆయన పొలంనుంచి ఇంటికి తెచ్చేవి బురదకాళ్ళు తప్ప ఇంకేం లేవు. ఆ పిల్ల స్నానం చేసి వస్తుంటే ముక్కు మూసుకుందామనుకునేదాన్ని, మూసుకోలేక ఇంకా గట్టిగా పీల్చేదాన్ని.

ఒకరోజు తను కాలవకి బట్టలు తీసుకెళ్ళింది. సబ్బుని కొబ్బరిచిప్పలో పెట్టి గూట్లో దాచుకునేది. తీశాను. పైనుంచి కోస్తే తెలిసిపోతుందని, బోర్లించి, అడుగున దారం బిగించి పల్చటి పలక కోశాను. నూతి చాటున ఆ ముక్కతో రుద్దుకుంటే ఎంత నురగ! పిచ్చిదానిలా నవ్వుకున్నాను. ఆ వాసన ఎవరూ పసిగట్టకుండా మీద మళ్ళీ సున్నిపిండి పట్టించుకున్నాను.

ఆ ముక్క అరిగిపోయాక నాకు కొత్త ఆశ పుట్టింది. అందులో ఏం కలుపుతారో తెలిస్తే నేనే చేయనూ? రాజమండ్రిలో ఇంగ్లీషు బడిలో చదువుతున్న మా తమ్ముడు నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు అడిగాను. క్షారం వేసి ఉడికిస్తారని, అత్తరు ఆఖర్న కలుపుతారని, పాఠంలో ఉందని చెప్పాడు. ఏ నూనెలో ఉడికిస్తారని అడిగాను.

"నూనె కాదక్కా. సీమ సబ్బుల్లో ఎక్కువగా పశువుల కొవ్వేనంట."

నా ఒళ్ళు నాకే జలదరించింది. వాడు అటు వెళ్ళగానే నూతి దగ్గరికి పరిగెత్తి చేతులు తోమితోమి కడుక్కున్నాను. కానీ చేతులు ఆరకముందే ఇంకో సంగతి తట్టింది. ఈ మాట అత్తగారికి తెలిస్తే? నేను వాడినట్టు ఎవరికి తెలుసు గనక?

సాయంత్రానికల్లా చెప్పేశాను. అయ్యో, చిన్నపిల్ల, తెలియక చేసిందని జాలి కూడా ఒలకబోశాను. అత్తగారు నెత్తి కొట్టుకున్నారు. అప్పటికి మామగారి ఆబ్దికం మూడు రోజులే ఉంది. ఆబ్దికం వంటంటే మాటలా, మడిలో ఏ లోపమున్నా పితృదేవతలు ముట్టరని ఆవిడ భయం. పురోహితుణ్ణి పిలిపించారు. ఆబ్దికం నాడు పొద్దున్నే పంచగవ్యం పుచ్చుకుంటే చిన్నకోడలికి శుద్ధి అవుతుందన్నాడాయన. అయినా అత్తగారికి మనసొప్పక, ఈ ఏడు వంటంతా పెద్దకోడలే చేయాలన్నారు. సబ్బుని కర్రతో నెట్టించి పెంటకుప్పలో పూడ్పించారు. ఆ పిల్ల అన్నిటికీ తలూపింది.

వంటిల్లు నాదైపోయింది. కావలసిందదే కదా! కానీ రెండు రోజులూ నాకు ఒకటే ఆలోచన. ఆ కొవ్వు రుద్దుకున్న చేతులతో నేను అన్నం వండితే, మామగారికి పిండం పెట్టేది ఆ అన్నమే. చెబుదామని అత్తగారి దగ్గరికి రెండుసార్లు వెళ్ళి, ఉప్పు ఎంత వేయాలని అడిగి వచ్చేశాను.

ఆబ్దికం నాడు తెల్లవారాక, నూతి దగ్గర నీళ్ళు పోసుకుని తడిబట్టతో నిలబడ్డాను. చిన్న తోడికోడలు వచ్చింది. మడిలో ఉన్న నన్ను తాకకుండా, చేతిలో ఉన్న ఆకుదొప్ప నూతిగట్టు మీద పెట్టి నాలుగడుగులు వెనక్కి జరిగింది. దొప్పలో పంచగవ్యం.

"సగం విడిగా పోసుకుని నేను పుచ్చుకున్నానండి. పొయ్యి ముట్టించే ముందు మీరు కూడా పుచ్చుకోండి అక్కయ్యగారూ."

నాకెందుకని గద్దించబోయాను.

"ఎలక కొరికితే పళ్ళగాట్లు పడతాయండి," అంది తల వంచుకుని. "సబ్బు అడుగున దారంతో కోసినట్టు నున్నగా ఉంది. అప్పుడే చూశాను. అడిగితే మీరు చిన్నబుచ్చుకుంటారని ఊరుకున్నాను."

అత్తగారు ఇటు రాకుండా తను పెరటి గుమ్మంలో నిలబడింది. ఆవు పాలు, పెరుగు, నెయ్యి, పంచితం, పేడ. ఇందులో ఏమున్నాయో ఎవరినీ అడగక్కరలేదు. కళ్ళు మూసుకుని మొత్తం తాగేశాను.

ఆ రోజు భోక్తలు తృప్తిగా తిన్నారు. పెద్దకోడలి చేతి వంట అమృతమని అత్తగారు పదిమందిలో అన్నారు. పదేళ్ళుగా నేను ఎదురుచూసిన మాట. వసారాలో విస్తళ్ళు తుడుస్తున్న ఆ పిల్ల అది విని, తనని మెచ్చుకున్నట్టే మొహం విప్పార్చుకుని నావైపు చూసింది. నా మీద తనకి ఇసుమంత కూడా అసూయ లేదు. అది నేను ఇప్పటికీ ఓర్చుకోలేకపోతున్నాను.