నాన్నను బయటికి తెచ్చే పని

రాయచూరులో మా గల్లీలో ఆదివారం పొద్దున అందరి ఇళ్లలోంచీ దోసెల వాసన వచ్చేది. మా ఇంట్లోంచి విజిల్ మోత వచ్చేది. మా నాన్న ఫైర్ స్టేషన్ ఉద్యోగి. ఊళ్లో మంటలన్నీ ఆర్పి వచ్చిన మనిషి సెలవు రోజున కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు కదా? అబ్బే! స్టేషన్లో ఏం నేర్చుకున్నాడో అదంతా మా మీద ప్రయోగించాల్సిందే.

విజిల్ వినపడగానే చేతిలో పని వదిలేసి బయటికి పరుగెత్తాలి. గల్లీ మలుపులో చేతిపంపు ఉండేది, బోరింగు అనేవాళ్లం. దాని పక్కన వరసగా నిలబడాలి. నాన్న విజిల్ ఊది ముందే అక్కడికి చేరి, నడుం మీద చెయ్యి వేసుకుని మమ్మల్ని లెక్కపెట్టడానికి సిద్ధంగా ఉండేవాడు. ఎవరి పని ఏమిటో ముందే చెప్పి ఉంచాడు. అమ్మ గ్యాస్ ఆపి తమ్ముణ్ణి తేవాలి. నేను అవ్వను తేవాలి. తమ్ముడి పని ఒక్కటే, మళ్లీ లోపలికి వెళ్లకపోవడం. ఒకసారి పతంగి కోసం వెనక్కి ఉరికి ఆ ఉద్యోగం సంపాదించుకున్నాడు.

అవ్వ అంటే నాన్నను కన్నతల్లి. అందరిలోకీ కష్టమైన సామాను నా వంతుకొచ్చింది. గడప లోపల పీట వేసుకుని, ఆకు వక్క నములుతూ, కదలక మెదలక కూర్చునేది.

"అవ్వా, లే! నిప్పంటుకుంది."

"యాడ?"

"యాడా లేదు. అంటుకున్నదని అనుకోవాలె."

"గిట్ల అనుకుంట కూసునేటందుకు నాకేం పనిలేదనుకున్నవా?"

చెయ్యి పట్టి లాగితే గడప దాకా వచ్చి ఆగిపోయేది. అక్కడినుంచి గల్లీ అంతా వినేలా నాన్నను నిలదీసేది. "ఒరేయ్, నీ పెండ్లాం పిలగాన్ని తెచ్చె. ఈ పోరి నన్ను తెచ్చె. మరి నిన్నెవరు తెస్తరురా?"

"నేను ఫైరోణ్ణమ్మా! నన్ను తెచ్చేదేంది? అందర్ని తెచ్చేది నేను."

"గదే అడుగుతున్న. నిన్నెవరు తెస్తరు?"

ప్రతి ఆదివారం ఇదే పంచాయితీ. జవాబు చెప్పేదాకా గడప దాటనని అవ్వ, ఇట్లయితే కాలి బూడిదవుతావని నాన్న. ఇంతలో ఎదురింటి ఖాలా గేటు మీద మోచేతులు ఆనించి, "క్యా భయ్యా, ఆజ్ కాఁ లగీ ఆగ్?" అనేది. ఈరోజు నిప్పెక్కడ అంటుకుందీ అని. నాన్న ఏమాత్రం నవ్వకుండా "వంటింట్ల, ఖాలా" అనేవాడు. నాకు మాత్రం భూమి చీలితే అందులో దూకేద్దామనిపించేది. బడిలో నా వెనక బెంచీ పిల్ల మా గల్లీలోనే ఉండేది మరి. సోమవారం వచ్చేసరికి క్లాసంతా విజిళ్లే.

బయట నాన్నకు ఎంత పేరని! బావిలో పడ్డ ఎద్దును తీసినా, కరెంటు తీగకు తగిలి అంటుకున్న గడ్డిబండిని ఆర్పినా జనం చేతులు పట్టుకుని వదిలేవాళ్లు కాదు. కొన్నాళ్లు సింధనూరులో పనిచేసినప్పుడు గోరేబాళలో ఒక గడ్డివామిని సగం దాకా కాపాడాడు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల ఇల్లది. ఆ ఇంటి పెద్దావిడ, "మీరు లేకపోతే మా గేదెలు పస్తుండేవి బాబూ" అంటూ ఒక జాడీ గోంగూర పచ్చడి చేతిలో పెట్టిందట. దాన్ని రాయచూరు దాకా బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. అమ్మ ఒక్క ముద్ద తిని చెంబెడు నీళ్లు తాగి, "దీన్ని ఆర్పేటందుకు గూడ మీరే రావాలె" అంది.

ఇంట్లో ఆయన తీరే వేరు. పొద్దున నా జడలు ఆయనే వేసేవాడు. హోస్ పైపు చుట్టినట్టు గట్టిగా, సమంగా బిగించేవాడు. సాయంత్రం దాకా ఒక్క వెంట్రుక పక్కకు జరిగేది కాదు, నా కనుబొమలు మాత్రం పైకి లేచి ఉండేవి. ఎంత అలసి వచ్చినా అవ్వ కాళ్లు పిసక్కుండా పడుకునేవాడు కాదు. "పొగ కంపు కొడుతున్నవు, పో అవతలికి" అంటూనే ఆవిడ రెండో కాలు కూడా ముందుకు చాపేది.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక ఎండాకాలం, పత్తి మిల్లులో మంటలు ఆర్పి నాన్న పొద్దెక్కాక ఇంటికొచ్చాడు. కళ్లు మంకెన పూలలా ఉన్నాయి. జొన్నరొట్టె తిన్నాడో మింగాడో తెలియదు, వెనక గదిలో తలుపు దగ్గరగా వేసుకుని, ముఖం మీద తడి తువ్వాలు కప్పుకుని పడిపోయాడు. మేం ముందు గదిలో కూలర్ ముందు కూర్చున్నాం. అందులో నీళ్లు ఎప్పుడో అయిపోయాయి. పొయ్యమంటే నువ్వు పొయ్యి అని నేనూ తమ్ముడూ కొట్టుకుంటున్నాం. చటుక్కున మోటారు దగ్గర మెరిసింది. కూలర్ గడ్డి భగ్గుమంది, పక్కనున్న కర్టెన్ అందుకుంది.

"బైటికి!" అని అమ్మ అరిచింది.

నిజం చెప్పాలంటే అంత చక్కగా మేమెప్పుడూ చేయలేదు. అమ్మ గ్యాస్ ఆపింది, తమ్ముణ్ణి చంకనేసుకుంది. నేను అవ్వ చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ ఒక్క విదిలింపు విదిలించి వెనక గది వైపు తిరిగింది. ఆకువక్క సంచి కోసమనుకున్నాను. "అవ్వా, సంచి పోతే పోనీ!" అని ఏడుస్తూ వెంటపడబోతే, అమ్మ నా జడ పట్టుకుని బయటికి ఈడ్చింది. నాన్న వేసిన జడ కదా, ఊడలేదు.

బోరింగు దగ్గర వరసగా నిలబడ్డాం. వంటింటి కిటికీలోంచి కూడా పొగ వస్తోంది. నిలబడి, ఆదివారాల్లోలాగే, లెక్కపెట్టేవాడి కోసం చూస్తున్నాం.

"నాయిన యాడ?" అన్నాడు తమ్ముడు.

ముగ్గురం నాన్న ఎప్పుడూ నిలబడే చోటు వైపు చూశాం. అది ఖాళీగా ఉంది. ఇన్ని ఆదివారాలూ ఆయన ముందే బయట ఉండేవాడు. ఆయన లోపల ఉంటాడన్న సంగతే మా బుర్రల్లోకి ఎక్కలేదు. అవ్వ గడప మీద నిలబడి అడిగిందేమిటో నాకప్పుడర్థమైంది. అమ్మ తమ్ముణ్ణి నా మీదికి తోసి, కెవ్వుమంటూ తలుపు వైపు పరుగెత్తింది.

అమ్మ గడప ఎక్కేలోపే పొగలోంచి అవ్వ వచ్చింది. ఒక చేత్తో కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. రెండో చేతిలో నాన్న చెవి ఉంది. ఆ చెవి వెనకాల, లుంగీ బనీనుతో, నడుం వంగిపోయి, సగం నిద్రలో మా నాన్న ఉన్నాడు.

"అమ్మా, ఇడువమ్మా! వచ్చిన, వచ్చిన!"

ఆవిడ వినిపించుకుంటేగా! అట్లాగే ఈడ్చుకొచ్చి వరసలో నా పక్కన నిలబెట్టాక గానీ చెవి వదల్లేదు.

అప్పుడు నాన్న నిద్ర వదిలింది. ఒక్క ఉరుకులో వెళ్లి వరండాలో కరెంటు మెయిన్ ఆపాడు. అక్కడ మూలన ఎర్ర బకెట్టు ఉంటుంది, దాన్నిండా ఇసుక ఉంటుందని ఆయన నమ్మకం. అందులో అమ్మ మట్టి కలిపి కొత్తిమీర వేసింది. పచ్చగా, ఏపుగా ఉంది. నాన్న దాని వైపు ఒకసారి, అమ్మ వైపు ఒకసారి చూసి, కొత్తిమీరతో సహా తీసుకెళ్లి మంట మీద కుమ్మరించాడు.

ఫైరింజన్ని పిలవొద్దని ఆయన అరిచేసరికే ఖాలా ఫోన్ చేసేసింది. బండి గల్లీలో పట్టక, నాన్న కింద పనిచేసే కుర్రాళ్లు పైపు లాక్కుంటూ పరుగున వచ్చారు. వాళ్లకు లుంగీలో, ఎర్రగా వాచిన చెవితో, భుజం మీద కొత్తిమీర రెబ్బతో వాళ్ల పెద్దన్న కనిపించాడు. "అణ్ణా, నిమ్మ మనేనా?" అన్నాడొకడు, మీ ఇల్లేనా అని, నోరు తెరిచి. "ఊరందరి ముంగట ఇజ్జత్ పాయె" అని నాన్న బోరింగు గట్టు మీద కూలబడ్డాడు.

ఆ సాయంత్రం అవ్వ ఒక్క మాటే అడిగింది. "ఇప్పుడు చెప్పురా, నిన్నెవరు తెస్తరు?" అంది, అంతే. నాన్న ఆవిడ పాదాలు ఒళ్లోకి తీసుకుని చాలాసేపు పిసుకుతూ కూర్చున్నాడు. తర్వాత నన్ను పిలిచాడు. "ఇంగ అవ్వను మీ అమ్మ తెస్తది. నన్ను తెచ్చే పని నీది."

అప్పట్నుంచి విజిల్ ఊదేసి నాన్నే లోపలికి ఉరికేవాడు. మంచం మీద పడి తువ్వాలు కప్పుకుని గురక పెట్టేవాడు. నేను వెళ్లి చెవి పట్టుకోవాలి. కావాలని బరువు పెంచేవాడు దొంగ. "వచ్చిన బిడ్డా, వచ్చిన" అనేదాకా నేను వదిలేదాన్ని కాదు. "ఇడువవే, చెవి ఊడొస్తది" అని అమ్మ గొడవ. అవ్వయితే విజిల్ కంటే ముందే సంచితో బోరింగు గట్టెక్కి, "ఏందిరా, ఈ వారం లేటు?" అని దబాయించేది. నా పెళ్లినాడు మండపానికి బయల్దేరే వేళ నాన్న కనబడక చుట్టాలు హైరానా పడ్డారు. వెనక గదిలో కొత్త పంచె కట్టుకుని, తువ్వాలు కప్పుకుని పడుకున్నాడు. గోరింటాకు చేత్తోనే చెవి పట్టుకున్నాను. ఫోటోలన్నిటిలో ఆ చెవి ఎర్రగానే ఉంది.

తర్వాత అవ్వ పోయింది. నాన్న రిటైరయ్యాడు. ఇన్నేళ్లు మింగిన పొగ ఊపిరితిత్తుల్లో ఉండిపోయిందన్నారు, దవాఖానలో చేర్చాం. నా కాపురం ఊరి పక్కన యరమరస్‌లోనే కనుక రోజూ వంట ముగించుకుని వచ్చేదాన్ని. నేను గుమ్మంలో కనబడగానే కళ్లు మూసేసేవాడు. ముక్కుకు గొట్టం పెట్టుకుని గురక నటించడం ఎంత కష్టమో! నేను చెవి పట్టుకుంటే ఒక కన్ను తెరిచి, "వచ్చిన బిడ్డా" అని గాలితో అనేవాడు. నర్సమ్మ నవ్వేది.

ఒకనాడు మధ్యాహ్నం వెళ్లేసరికి కళ్లు మూసుకునే ఉన్నాడు. చెవి పట్టుకున్నాను. వెచ్చగా ఉంది. పలకలేదు. ఆడుతున్నాడనుకుని ఇంకొంచెం లాగాను. "నాయినా, చాలు తమాషా. లే" అన్నాను. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. నిన్ను తెచ్చే పని నాదన్నావు కదా, మరి కదలవేం?

అమ్మ వచ్చి నా వేళ్లు ఒక్కొక్కటే విడిపించింది. "ఇడువు బిడ్డా," అంది, "చెవి ఎర్రగైంది."