నాంచారమ్మ చచ్చిపోయిన సంగతి

చెబితే నవ్వుతారు గానీ, తాను చచ్చిపోయిన సంగతి నాంచారమ్మకు ముప్పై ఏళ్ళు దాటాక తెలిసింది. అదీ నిక్షేపంలా బతికుండి, చేతిలో టిఫిన్ క్యారియరుతో మండలాఫీసు కిటికీ ముందు నిలబడి ఉన్నప్పుడు.

ముందు ఆవిడ ఎవరో చెప్పాలి. విజయవాడ సింగ్‌నగర్‌లో కాపురం, గుణదలలో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంట. నోరు పెద్దది, వడ్డించే చెయ్యి అంతకంటే పెద్దది. "తినండే, గాలేస్తే ఎగిరిపోయేట్టున్నారు" అని కసిరి మరీ రెండో గరిటె వేసే రకం. మొగుడు బసవయ్య ఒక గోడౌనుకి కాపలా. కడుపు పండలేదని ఎవరైనా జాలిపడబోతే, "హాస్టలు నిండా ఉన్నారుగా, ఇంకెక్కడ పెట్టుకోను?" అని నోరు మూయించేది.

తండ్రి పిచ్చయ్య పోయాక తల్లి రావమ్మ కూతురి దగ్గరే ఉంటోంది. పిల్లలెంతమంది అని ఎవరడిగినా "ఒక్కతేనండీ" అనేది, అంటూ నాంచారమ్మ చెవి వెనక ఉన్న పుట్టుమచ్చని వేలితో తడిమేది. నాంచారమ్మ కాస్త దగ్గితే చాలు, ముసలావిడ చేతిలో పని వదిలేసి వచ్చి వీపు రాసేది. "దగ్గుకే చస్తానా అమ్మా" అని ఈవిడ వేళాకోళం చేసేది. ఆ మాటకి రావమ్మ ఎన్నడూ నవ్వలేదు. ఎందుకు నవ్వలేదో ఈ మహాతల్లి ఎన్నడూ అడగలేదు.

రెండువేల అయిదులో బుడమేరు పొంగి ఇళ్ళమీద పడింది. ట్రంకుపెట్టెలో చీరలతోపాటు నాంచారమ్మ పుట్టిన కాగితం కూడా నాని ముద్దయిపోయింది. మామూలు రోజుల్లో అయితే ఆ కాగితం మొహం ఎవరు చూస్తారు? సరిగ్గా అప్పుడే హాస్టల్లో వంటవాళ్ళని పర్మినెంటు చేస్తామన్నారు. బడి గుమ్మం తొక్కని మనిషికి వయసు రుజువు ఆ కాగితమే. వార్డెన్ పద్మావతమ్మ గారు మంచావిడే గానీ పని దగ్గర కచ్చితం.

"ఊరెళ్ళి కొత్త కాపీ తెచ్చుకో నాంచారమ్మా. నెలాఖరులోపు తేకపోతే నీ బదులు ఇంకొకరి పేరు పంపించాల్సి వస్తుంది."

అలా పామర్రు బస్సెక్కింది. పుట్టిన పల్లె ఆ పక్కదే. పాత లెక్కలన్నీ మండలాఫీసులో ఉన్నాయంటే వెళ్ళి దరఖాస్తు ఇచ్చింది. రమ్మన్న రోజున మళ్ళీ వెళ్ళింది. గుమాస్తా రామకోటేశ్వరరావు గారు కళ్ళజోడు పైకి తోసుకుని ఈవిణ్ణి ఎగాదిగా చూశాడు.

"ఈ నాంచారమ్మ నీకేమవుతుందమ్మా?"

"నేనేనండీ."

"తండ్రి పిచ్చయ్య, తల్లి రావమ్మ. ఆ పిల్ల గురించి అడుగుతున్నా."

"ఆ పిల్లనే నేనండీ. ఇప్పుడు పిల్లనేంటి లెండి, జుట్టు నెరుస్తుంటే."

ఆయన నవ్వలేదు. ఇంకో పాత పుస్తకం తెరిచి కిటికీ వైపు తిప్పాడు. "ఆ పిల్ల ఏడాది నిండకుండానే పోయిందమ్మా. కోరింత దగ్గు. మీ నాన్నే రాయించాడు, ఇదిగో ఆయన వేలిముద్ర."

నాంచారమ్మ పుస్తకం మీదకి వంగింది. అక్షరాలు చదవడం రాకపోయినా, ఆ నల్లటి ముద్రని అలా చూస్తూనే ఉండిపోయింది. అది నాన్న వేలు. ఆ వేలు పట్టుకునే తిరునాళ్ళకి వెళ్ళింది.

"మరి నాదండీ?" అంది చివరికి.

"నీది లేదు. తర్వాతి ఏళ్ళన్నీ వెతికాను. మీ ఇంట ఇంకో పుట్టుక ఎవరూ రాయించలేదు. చేసేదొకటే. మొదటి పిల్ల చనిపోయింది, తర్వాత పుట్టిన పిల్ల ఈవిడ అని మీ అమ్మ ఆర్డీవో గారి ముందు ప్రమాణం చేసి ముద్ర వెయ్యాలి. తండ్రి లేడు కాబట్టి ఆవిడ మాటే ఆధారం."

బస్సులో కండక్టరు టిక్కెట్టు అని రెండుసార్లు అడిగితే గానీ ఈవిడకి వినపడలేదు. కిటికీ బయట కోతకొచ్చిన చేలు పోతున్నాయి. ఇన్నాళ్ళూ ఎవరి పేరుతో పిలిస్తే పలికాను, ఎవరి కాగితం పెట్టెలో దాచుకున్నాను అని ఒకటే దిగులు.

ఇంటికెళ్ళేసరికి రావమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. నాంచారమ్మ చెప్పులు కూడా విప్పకుండా అడిగేసింది.

"అమ్మా, నాంచారమ్మ చచ్చిపోయిందంట. నిజమేనా?"

చేట ఆగలేదు. "ఆ. పోయావు," అంది రావమ్మ. "మళ్ళీ వచ్చావుగా."

అంత మామూలుగా అంది! పాలు పొంగాయి, దించేశాను అన్నంత మామూలుగా. నాంచారమ్మ వచ్చి చేట ఎదురుగా కూచుంది.

రావమ్మ నెమ్మదిగా చెప్పింది. పిల్లని పాతిపెట్టడానికి తీసుకెళ్ళేముందు ముసలత్త పొయ్యిమసి తీసి చెవి వెనక బొట్టు పెట్టిందట, మళ్ళీ వస్తే గుర్తుపట్టడానికి. మరుసటేడు పుట్టిన పిల్లకి సరిగ్గా అక్కడే మచ్చ. ఊరంతా వచ్చి చూశారు. అదే పేరు పెట్టారు. వచ్చింది ఆ పిల్లే అయినప్పుడు ఇంకో కాగితం ఎందుకన్నాడు పిచ్చయ్య. పాత కాగితమే భద్రంగా దాచారు.

నాంచారమ్మ చెయ్యి తనకు తెలియకుండానే చెవి వెనక్కి పోయింది. చటుక్కున వెనక్కి లాక్కుంది. అమ్మ తడిమిన ప్రతిసారీ తన్నే ముద్దు చేస్తోందనుకుంది ఇన్నాళ్ళూ.

"నేనేం పోలేదే అమ్మా. పోయింది అది."

"అది ఇది అనకు. పోయింది నువ్వే, వచ్చింది నువ్వే."

"అది పోయిందని నువ్వు ఆఫీసులో ముద్ర వెయ్యాలంట. వేస్తావా?"

"నా కూతురు చచ్చిపోయిందని నా చేత్తో ముద్ర వెయ్యమంటావా? నువ్వు నా ఎదురుగా కూచునుండగా?" రావమ్మ చేట పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత హాస్టల్లో ఆ నోరు లేవలేదు. పప్పులో ఉప్పు మర్చిపోయినా పిల్లలు భయపడి ఏమీ అనలేదు. "ముసలావిణ్ణి ఏడిపించకే, ఉద్యోగం పోతే పోయింది" అన్నాడు బసవయ్య. ఉద్యోగం కోసమే అయితే అంత బాధ ఉండేది కాదు. తనని ఎవరూ కననట్టు, ఇంకో పిల్ల ఉయ్యాల్లో పడుకున్నట్టు ఉంది ఆవిడకి.

నెలాఖరు దగ్గర పడింది. ఒక సాయంత్రం తల్లికి జడ వేస్తూ అంది.

"ముద్ర వెయ్యొద్దులే. ఒక్కటి మాత్రం చెప్పు. నేను పుట్టిన రోజు నీకు గుర్తుందా? అసలు నన్ను కన్నావా, కనలేదా?"

రావమ్మకి చురుక్కుమంది. "కనకపోవడమేంటే? ఊడ్పుల్లో గట్టు మీదే నొప్పులొచ్చాయి నీ కాన్పుకి. పైన వాన. ఆడాళ్ళు చీరలు అడ్డం పట్టారు. పుట్టగానే నీ ఒళ్ళంతా బురదే, కాలవ నీళ్ళతో కడిగారు. పెద్దదాని కాన్పు అట్టా కాదు, కుప్పనూర్పిళ్ళ రోజులు, ఇంట్లోనే..."

ఆగిపోయింది.

పెద్దది. ఆ మాట ఆ ఇంట్లో ఎన్నడూ పుట్టలేదు. నాంచారమ్మ చేతిలో జడ అలాగే ఉండిపోయింది. రావమ్మ రెండు చేతులూ తన పొట్ట మీద వేసుకుంది.

"రెండుసార్లు పడ్డాను కదే నొప్పులు," అంది, తనకే చెప్పుకుంటున్నట్టు.

మర్నాడు తనే చీర మార్చుకుని గుమ్మంలో నిలబడింది. ఇద్దరూ ఆర్డీవో ఆఫీసుకి వెళ్ళారు. ఆర్డీవో గారు కాగితం చూసి, అందరినీ అడిగినట్టే అడిగారు.

"మీకు ఎంతమంది పిల్లలమ్మా?"

రావమ్మ చెయ్యి అలవాటుగా కూతురి చెవి దాకా లేచింది. అక్కడ తాకకుండా దిగి, కూతురి చెయ్యి పట్టుకుంది.

"ఇద్దరండీ. ఇది చిన్నది. పెద్దది పోయింది."

ముద్ర వేసింది. మెట్ల దాకా నడిచింది. మెట్ల మీద కూలబడి, గుండెలు బాదుకుంటూ, పేరు పెట్టి పిలిచి ఏడ్చింది. అన్నేళ్ళుగా ఏడవని ఏడుపు, ఆపితే ఆగేది కాదు. తన పేరే పెట్టి తన తల్లి శోకాలు పెడుతుంటే నాంచారమ్మ ఒళ్ళు జలదరించింది. అయినా ఆపలేదు. పక్కన కూర్చుని తల్లి తలని ఒళ్ళోకి తీసుకుంది.

మెట్ల కింద మజ్జిగ అమ్ముకునే ఆవిడ గ్లాసుతో పరుగెత్తుకొచ్చింది.

"అయ్యో, ఎవరు పోయారమ్మా?"

"మా అక్కండీ."

"పాపం. ఎప్పుడు?"

నాంచారమ్మ గ్లాసు అందుకుని తల్లి నోటి దగ్గర పెట్టింది.

"ఇప్పుడేనండీ," అంది.