కుడి బుగ్గ మంగు

మా మేనత్త పద్దెనిమిదేళ్లుగా సిటీ బస్సు నడుపుతోంది. డ్రైవరు కిటికీ కుడివైపు కావడంతో ఎండ ఎక్కువగా కుడి బుగ్గ మీదే పడి, అక్కడ పెద్ద మంగు మచ్చ వచ్చింది. ఆరేళ్లుగా ఏ ఫొటోలో చూసినా అత్తకు ఎడమ బుగ్గ ఒక్కటే ఉన్నట్టుంటుంది. పిచ్చి మనిషి, ఎవరూ గమనించలేదనుకునేది.

ఈ ఏడు ఉత్తమ డ్రైవరుగా ఆమెను ఎంచారు. ఆరు నెలల తర్వాత ఫొటో తీసి డిపో గోడకు పెడతారట. నియమం ప్రకారం సూటిగా చూస్తూ దిగాలి. అత్త గుండెల్లో రాయి పడింది.

పక్కింటావిడ ఒక క్రీము ఇచ్చింది. వారంలో మచ్చ తెల్లబడితే అత్త పొంగిపోయింది. నెల తిరక్కుండా బుగ్గంతా ఎరుపు, మంట. చాలదన్నట్టు నిమ్మచెక్క రుద్దింది. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది, మచ్చ ఇంకా నల్లబడింది. నాకు ఒళ్లు మండి, చెయ్యి పట్టుకుని చర్మం డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాను.

"మీరు తెచ్చిన క్రీములో స్టెరాయిడ్ ఉన్నట్టుంది, ఆపేయండి," అంది డాక్టరమ్మ. "మన రంగు చర్మాన్ని రుద్దినా, మంటపెట్టినా ఇంకా నల్లబడుతుంది. ముందు ఈ మంట తగ్గనివ్వండి. తర్వాత రాత్రికి నేను రాసిచ్చే క్రీము. పగలు రెండు వేళ్ల పొడవు సన్‌స్క్రీన్, మూడు గంటలకోసారి."

"ఫొటో నాటికి పోతుందా?"

"పలచబడుతుంది. పూర్తిగా పోతుందని మాటివ్వలేను."

అత్త చివరి స్టాపులో బస్సు ఆగగానే అద్దం ముందు సన్‌స్క్రీన్ రాసుకునేది. రెండు నెలలకు డాక్టరమ్మ ఆమె మొహం అటూ ఇటూ తిప్పి చూసింది.

"కుడివైపు బాగుంది. ఎడమవైపు కొత్తగా వస్తోందే? దానికి రాయట్లేదా?"

"మచ్చ లేనిదానికి ఎందుకండీ?"

"మరి బస్సు తిరుగు ప్రయాణంలో ఎండ ఎటునుంచి వస్తుంది?"

అత్త నాలుక్కరుచుకుంది. ఆ దారిలో పద్దెనిమిదేళ్లు తిరిగిన మనిషి! ఇంటికొచ్చేదాకా నేను నవ్వుతూనే ఉన్నాను, ఆమె తిడుతూనే ఉంది.

ఫొటో రోజుకు మంగు పలచబడింది గానీ పోలేదు.

"కంప్యూటర్లో తుడిచేస్తానమ్మా, క్షణం పని," అన్నాడు ఫొటోగ్రాఫరు.

అత్త ఒక్క క్షణం నా వైపు చూసింది. ఒప్పుకుంటుందేమోనని నాకు భయమేసింది.

"క్షణంలో పోగొట్టుకోవాలనే ఒకసారి బుగ్గ కాల్చుకున్నాను బాబూ. దీని సంగతి నేనూ డాక్టరమ్మా చూసుకుంటాం. మీరు తీయండి."

ఇప్పుడు డిపో గోడ మీద ఆ ఫొటో ఉంది. అందులో మా అత్తకు రెండు బుగ్గలున్నాయి.